టైటిల్ పాటలో మామ గొంతు

జాలారిపేట, విశాఖపట్నం,
నవంబరు, 2003.

వాసు బావకి, దుర్గ రాసేది. మామ, అత్త, చందన, నేను అందరం బాగున్నాం. కాండ్లా రేవులో నువ్వూ బాగున్నావని నీ ఉత్తరం మొదటి పేజీ చదివి సంతోషించాను. వెనక పిన్ను గుచ్చి పంపిన ఆ పత్రిక ముక్క చూశాక మాత్రం ఒళ్ళు మండింది.

ముందు నువ్వడిగినవి చెప్పేస్తాను, లేకపోతే కోపంలో మర్చిపోతాను. అత్త మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గింది, గంప ఎత్తొద్దంటే మాత్రం వినదు. మన పిల్ల చందన లెక్కల్లో తప్పలేదు, మీ చెల్లెలు నీకు అబద్ధం చెప్పింది. మామకి నువ్వు పంపిన శాలువా బాగా నచ్చింది. కప్పుకోడు, పెట్టెలో దాచి రోజూ తీసి చూసుకుంటాడు. వంటింటి మీద రేకు మార్పించాం, ఇప్పుడు కారడం లేదు. ఇక ఆ కాగితం సంగతి.

పెందుర్తి వెల్డరు ఆవకాయ సీసాకి చుట్టి తెచ్చిన పత్రికలో పెళ్ళాం బొమ్మ కనబడితే ఎవరికైనా సంబరంగానే ఉంటుంది. అందుకు నిన్నేమీ అనను. కానీ రేవులో మట్టి తోడే మీ డ్రెడ్జరు మీద అందరికీ చూపించి, ఇంకో కాపీ సంపాదించి కేబిన్ గోడకి అంటించావట. అందులో ఏం రాశారో చదివే అంటించావా? ‘ఒడ్డున దొరికిన ముత్యం’ అట. కెరటాల్లో గెంతుతున్న జాలరి పిల్లని నిర్మాత రమణమూర్తి గారు కారులో పోతూ చూశారట. ఆయనే ఆట నేర్పించారట, ఆయనే నటిని చేశారట, జాలిపడి డైరెక్షను చేతికిచ్చారట, పాటలు కూడా తానే కట్టి నాకు పేరు రానిచ్చారట. అదంతా చదివి నువ్వు నన్నడుగుతావు, ‘ఇదంతా నాకెప్పుడూ చెప్పలేదేం దుర్గా’ అని. జరగనిది నేనెలా చెబుతాను బావా? నా కాళ్ళకి గజ్జెలున్న సంగతి మన పెళ్ళికి ముందు నీకు తెలీదా? మీ చీఫ్ ఇంజినీరు ‘మీ ఆవిడ అసలేం పని చేస్తుంది’ అని అడిగితే తడబడ్డానని రాశావు. ఈసారి తడబడకుండా వరసగా చెప్పు, నేను రాస్తాను.

నాకు ఆట నేర్పింది సూర్యకాంతమ్మ గారు. పోర్టు క్వార్టర్స్‌లో ఉండే కాకినాడ వాళ్ళు. వాళ్ళింటికి మా అమ్మ చేపలు వేసేది. అమ్మ గుమ్మంలో చేపలు కోస్తుంటే పక్కన కూచున్న నేను లోపల వాయిస్తున్న తాళానికి కాలు ఆడించడం ఆవిడ చూసింది. రేపట్నించి ఈ పిల్లని పంపమంది. “ఆటలు నేర్సుకుంటే సేపలెవులమ్ముతారమ్మా” అంది మా అమ్మ. “పొద్దుట అమ్ముకోమను, సాయంత్రం నా దగ్గరికి పంపు” అందావిడ. ఆ గచ్చు మీద నా అరికాళ్ళు బొబ్బలెక్కి, పేలి, మళ్ళీ ఎక్కి గట్టిపడ్డాయి. కెరటాల్లో గెంతితే ఆట రాదని ఆ రాసినవాడికి ఎవరైనా చెప్పాలి. ఇసకలో పాదం కూరుకుపోతుంది. ఆట వచ్చాక తాళాలు కూడా నా చేతికే ఇచ్చింది, వెనక కూచుని మిగతా పిల్లల్ని ఆడించమని. నాకు సంగీతం అబ్బింది అక్కడ. రమణమూర్తి గారు అప్పటికి ఏ ఊళ్ళో ఉన్నారో కూడా నాకు తెలీదు.

తర్వాత కేబుల్ టీవీలో దసరా డాన్సులు, అది చూసి హైదరాబాదు నుంచి సీరియల్ కబురు. ఎప్పుడూ పనిమనిషి వేషమే. కాకపోతే చేపలమ్మి, అదీ కాకపోతే తాగుబోతు పెళ్ళాం. నా నోట్లోంచి ‘ఏటమ్మగారూ’ అని రాగానే సెట్లో అందరూ నవ్వేవాళ్ళు. నవ్వాల్సిన చోట నా గొంతు ఉంచుకునేవాళ్ళు, ఏడవాల్సిన చోట వేరే అమ్మాయి చేత చెప్పించేవాళ్ళు. కొడుకు పోయిన సీను టీవీలో వచ్చినప్పుడు అత్త ఏమందో గుర్తుందా? “ఇదేటే, ముకం నీది, ఏడుపెవుల్దే?” అంది. ఇంటిల్లిపాదీ నవ్వాం. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సయించలేదు. మన యాసలో నవ్వితే బాగుంటుంది, మన యాసలో ఏడిస్తే బాగోదు. ఇదేం న్యాయమో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

డైరెక్షను ఎవరూ జాలిపడి ఇవ్వలేదు. పెళ్ళి సీన్లలో జనం ఒకళ్ళనొకళ్ళు తోసుకుని కెమెరాకి అడ్డం పడుతుంటే, ఆటలో పిల్లల్ని నిలబెట్టినట్టు నేను వాళ్ళని నిలబెట్టేదాన్ని. ముందు జనాన్ని అప్పగించారు, తర్వాత సీన్లు అప్పగించారు, తర్వాత ఎపిసోడ్లు. అలా ‘ఒడ్డున ఇల్లు’ సీరియల్ నా చేతికొచ్చింది. ఆ కథ మన పేట కథ. అందులో తల్లి మన యాసలోనే ఏడవాలని పట్టుబట్టి ఏడిపించాను. చూసినవాళ్ళెవరూ నవ్వలేదు.

రుషికొండ దగ్గర వల లాగే సీను తీసిన రోజు నువ్వు ఊళ్ళో లేవు. తాడు పట్టుకుని నటిస్తే చాలన్నారు ప్రొడక్షన్ వాళ్ళు. మామ ఒప్పుకోలేదు. “నీటిలో ఎయ్యని వలని లాగడమేటి, నవ్వుతారు” అని పడవేసుకెళ్ళి నిజంగానే వల దింపించి వచ్చాడు. షాటు అయింది, కట్ అన్నాను. మనవాళ్ళు ఒక్కరూ ఆగలేదు. మళ్ళీ అన్నాను. మామ పాట ఆపలేదు, వాళ్ళు తాడు వదల్లేదు. వల నీళ్ళలో ఉండగా మధ్యలో తాడు వదిలేవాడు మన పేటలో ఉన్నాడా? తాడు పట్టుకున్న హీరోయిన్ వదలాలో వద్దో తెలీక వాళ్ళతో పాటే వెనక్కి నడుస్తోంది. రమణమూర్తి గారు గొడుగు కింద నుంచి లేచి, వెలుతురు పోతోంది, వీళ్ళని ఆపండి అని కేకలు. నాకేం తోచిందో, మైకు కింద పెట్టి చెంగు దోపుకుని నేనూ తాడు పట్టాను. కెమెరామన్ బుద్ధిమంతుడు, ఆపకుండా తీశాడు. జనం ఆ ఎపిసోడు గురించే ఎక్కువ ఉత్తరాలు రాశారు.

మీ నాన్న పాట నీకు తెలిసిందే. లాగేవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పాటలో వేసి పిలుస్తాడు, పేరు పడ్డవాడు ఇంకాస్త గట్టిగా లాగాలి. ఆ రోజు అందరి పేర్లూ వేశాడు, నా పేరు వేయలేదు. ఆడదాని పేరు వల పాటలో పడదు కదా. నేనూ అడగలేదు.

ఆ పాటే టైటిల్ పాట చేద్దామనుకున్నాను. స్టూడియోలో మైకు ముందు నిలబెడితే మామ గొంతు పెగల్లేదు. “సేతిలో ఏటీ నేకుండా ఎలా పాడతారే” అన్నాడు. తలుపు గొళ్ళానికి తాడు కట్టిస్తే తలుపు ఊడొస్తుందని స్టూడియో ఆయన గోల. చివరికి హార్మోనియం అర్జునరావు గారు పెట్టె పక్కన పెట్టి, తాడు రెండో కొస నడుముకి చుట్టుకుని నేల మీద కూచున్నారు. మామ లాగడం మొదలెట్టాక గొంతు వచ్చింది. తాళం నేను వేశాను. మధ్యలో వచ్చే వేణువు నేను కట్టాను. అత్త చేత, పేట ఆడవాళ్ళ చేత కోరస్ నేనే పాడించాను. పాట కట్టానంటున్న రమణమూర్తి గారు ఆ రోజు స్టూడియో గుమ్మం తొక్కలేదు, వాళ్ళింట్లో గృహప్రవేశం.

ఇక అసలు విషయం. ఇంతసేపూ దాటేస్తూ వచ్చాను.

పోయిన నెలలో సీరియల్ పెద్ద చానల్‌కి మారడం ఖాయమైంది. రమణమూర్తి గారు ఆఫీసుకి పిలిచి కొత్త టైటిల్స్ వేసి చూపించారు. దర్శకత్వం ఆయన పేరు. సంగీతం ఆయన పేరు. అడుగున చిన్న అక్షరాల్లో ‘నృత్యాలు: సాయిదుర్గ’. ఇన్నేళ్ళు నడిపించి మళ్ళీ గజ్జెల దగ్గరే కూచోబెట్టారు. గజ్జెలంటే నాకు చిన్నచూపు లేదు. కానీ ఆ సీరియల్‌లో అసలు డాన్సే లేదు బావా.

అది కూడా మింగేద్దామనే అనుకున్నాను. చందన చదువుంది, నువ్వు అంత దూరంలో ఉన్నావు, నా పని నాకుంటే చాలనుకున్నాను. అప్పుడు పాట వేశారు. మామ గొంతు లేదు. ఎవరో పాట నేర్చుకున్నాయన మామ పదాలనే నున్నగా, ఒక్క మాట నలక్కుండా పాడుతున్నాడు. “ఇదేంటి సార్” అన్నాను.

“ఆ గొంతు మోటుగా ఉందమ్మా దుర్గా. చానల్ వాళ్ళకి నచ్చలేదు. ఆ యాస పనివాళ్ళ సీన్లలో ఉంచుదాం, బాగుంటుంది.”

“పాట ఆయనది సార్.”

“వల పాటకి సొంతదారెవరమ్మా? ఒడ్డున గాలికి దొరికింది, తెచ్చుకున్నాం.”

“గాలికి దొరకలేదండి. మా మామ గొంతులో దొరికింది.”

ఆయన నవ్వాడు. “ఇంత కోపం ఎందుకు? నూరో ఎపిసోడు ఫంక్షన్‌కి గంప నెత్తిన పెట్టుకుని చక్కగా ఒక డాన్సు చెయ్యి, జనం నిన్నే చూస్తారు” అన్నాడు. నా గొంతు తీసేసిన రోజున నేను ఊరుకున్నాను, మామ గొంతు తీసేస్తే ఊరుకోలేకపోయాను. చేతిలో ఉన్న సీన్ల ఫైలు ఆయన బల్ల మీద పెట్టి వచ్చేశాను. షెడ్యూలు సగంలో ఉంది, హీరోయిన్ మేకప్పు వేసుకుని కూచుని ఉంది. ఇదీ బావా నీకు రాయకుండా దాచిన సంగతి. నీ పెళ్ళాం ఇప్పుడు ఏ సీరియల్‌కీ డైరెక్టరు కాదు.

నీకు చెప్పడానికి భయపడలేదు. మామకి చెప్పడానికే భయమేసింది. మధ్యలో తాడు వదిలేసినవాణ్ణి మామ మళ్ళీ వల దగ్గరికి రానివ్వడని నీకు తెలుసు. అందుకని రోజూ క్యారేజీ పట్టుకుని షూటింగుకని బయల్దేరి, ఇప్పుడు దువ్వాడలో ఉంటున్న సూర్యకాంతమ్మ గారింటికి పోయి కూచునేదాన్ని. ఆవిడ పిల్లలకి తాళం చెప్పమని తాళాలు చేతికిచ్చింది.

కొత్త చానల్లో సీరియల్ మొదలైన సాయంత్రం ఇంట్లో అందరూ టీవీ ముందు చేరారు. మామ చొక్కా కూడా వేసుకుని కూచున్నాడు, తన గొంతు వినడానికి. పాట వచ్చింది. కాసేపు విని నావైపు తిరిగాడు.

“ఈడెవుడే?”

జరిగిందంతా చెప్పాను. ఫైలు బల్ల మీద పెట్టిన దాకా చెప్పాను. అత్త నుదురు కొట్టుకుంది. “ఓలమ్మ, మద్దెలో ఒగ్గేసి ఒచ్చినావేటే? ఆ పని మనోలు సేత్తారేటే?”

మామ లేచి టీవీ కట్టేశాడు. “రాయట్టింది” అన్నాడు అత్తతో, వల రాయికి తగులుకున్నప్పుడు అన్నట్టే. “వల రాయట్టినాక లాగితే ఏటవుద్ది? సిరిగిపోద్ది. అప్పుడు ఒగ్గీమని సెప్పాల్సినోణ్ణి నాను. ఈ గుంట నన్నడక్కుండా ఒగ్గేసింది, అది తప్పే. ఇప్పుడు నాను సెప్తన్నాను. ఒగ్గీయే.” అని చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి బయటికెళ్ళి కూచున్నాడు. చొక్కా అంత జాగ్రత్తగా తగిలించడం చూసి నాకు దుఃఖం ఆగలేదు. ఆ రమణమూర్తి ఎదురుగా ఉంటే ఆ రోజు ఏం చేసేదాన్నో నాకే తెలీదు.

మర్నాడు పొద్దున్న మామ నన్ను లేపాడు. “పనేటీ నేదు గదా, రా” అన్నాడు. మన రేవులో వల వేసి ఉంది. మనిషి తక్కువయ్యాడని తాడు నా చేతికిచ్చాడు. పాట ఎత్తుకున్నాడు. పైడయ్య పేరు వేశాడు, నూకరాజు పేరు వేశాడు, వరసగా వేసుకుంటూ వచ్చాడు. నా వంతు దాటిపోతుందని నేను తల దించుకుని లాగుతున్నాను.

“ఎనక్కి నడవే దుర్గమ్మా, ఐలెస్సా.”

తాడు మీదున్న మగాళ్ళంతా నావైపు చూశారు. మామ సముద్రం వైపే చూస్తున్నాడు. పేరు పడ్డాక గట్టిగా లాగాలి కదా, లాగాను.

చేపలు పెద్దగా పడలేదు. నా కోపమూ తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశమూ లేదు. మామ గొంతున్న టేపు నా దగ్గరే ఉంది. సూర్యకాంతమ్మ గారు రేడియో వాళ్ళని కదుపుతున్నారు, ఏమవుతుందో చూడాలి. నువ్వు చేయాల్సింది ఒక్కటే. ఆ కేబిన్ గోడ మీది కాగితం పీకి పారెయ్. రంగు ఊడితే ఊడింది. మీ చీఫ్ ఇంజినీరు మళ్ళీ అడిగితే, మా ఆవిడ ఆడుతుంది, నటిస్తుంది, సీరియల్ తీస్తుంది, పాట కడుతుంది అని చెప్పు. మా నాన్న వల పాటలో దాని పేరుందని కూడా చెప్పు. అది హిందీలో ఎలా చెబుతావో నాకు తెలీదు, చెప్పడం మాత్రం మానకు.

ఇట్లు,
దొరబాబు కోడలు, నీ మరదలు,
సాయిదుర్గ