నడిమి గుడ్డ

3 సెప్టెంబరు 1968

పొద్దున్న వెనక క్వార్టర్ చిలకమ్మ వచ్చి పచ్చగుడ్డ ఒకటి నా చేతిలో కుక్కింది. వాళ్ళాయన గణపతిరావు రైలు గార్డు. ఆయన పాత జెండా అది. బొంతలో ఎయ్యి వదినా అని, నా మొహం చూడకుండా గబగబా వెళ్ళిపోయింది.

ఎవరి బొంత?

మా రైల్వే క్వార్టర్ల లైన్లో ఎవరైనా రిటైరై ఊరు విడిచి వెళ్ళిపోతుంటే ప్రతి ఇల్లూ వాడిన గుడ్డ ఒకటి ఇస్తుంది. కుట్టేది నేనే. గుడ్డే కానక్కర్లేదు. యూనిఫాం బొత్తాలు, వేగన్ల సీసం సీళ్ళు, మాసిన లాంతరు వత్తి, ఏది ఇచ్చినా బొంత మీద కుట్టేస్తాను. నడిమి గుడ్డ మాత్రం వెళ్ళే ఇంటి ఇల్లాలే ఇవ్వాలి. అది పడేదాకా వాళ్ళు బండెక్కరు. కిందటేడు ఎలీసమ్మకి కుట్టాను.

ఈసారి ఎవరో తెలియడం లేదు. మా ఆయనకీ అక్టోబరుతో సర్వీసు అయిపోతుంది. కానీ మేం ఈ ఊళ్ళోనే, ఖరిదా పేటలో అద్దెకి దిగుతాం కదా.

5 సెప్టెంబరు

పక్కింటి సూసన్న వచ్చింది. కూతురి బాప్తిస్మం గౌను లేసు కత్తిరించి తెచ్చింది. ఏడుస్తోంది. ఎవరికే ఇది అన్నాను. ఓలమ్మ, నీకు తెల్దేటప్పా, బావ వర్క్‌షాపంతా సెప్పినాడు గదా అని నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

అదే రోజు, సాయంత్రం

ఆయన వర్క్‌షాప్ నుంచి రాగానే అడిగాను. టీ గ్లాసులోకి చూస్తూ చెప్పారు. బొబ్బిలి దగ్గర వాళ్ళ ఊరు వెళ్ళిపోతున్నామట. తమ్ముడు వీధిగది ఇస్తానన్నాడట. వేసవిలోనే ఖాయం చేసుకున్నారు. నీకు సెప్తే ఏడుస్తావని సెప్పనేదు కృపా అన్నారు. మా నూతి నీళ్ళు తాగి సూడు, కొబ్బరినీళ్ళే అన్నారు.

నేను ఏడవలేదు. వెళ్ళి కోళ్ళని గూట్లో పెట్టాను. ఒకటి దొరకలేదు. చీకటి పడేదాకా దాని వెనకే తిరిగాను.

నేను పుట్టింది ఇక్కడి రైల్వే ఆసుపత్రిలో. మా నాన్న బొగ్గింజన్ ఫైర్‌మేన్. అత్తవారి ఊరు పెళ్ళిళ్ళకీ మట్టికీ తప్ప చూడలేదు. అక్కడ నా పేరు ఖరగ్‌పూర్ కోడలు. నోరు తెరిస్తే నవ్వుతారు. ఏటి కోడలా, నీది తెలుగా బెంగాలీయా అంటారు. అందుకని అక్కడ మాట్లాడను.

8 సెప్టెంబరు, ఆదివారం

చర్చిలో పాస్టరుగారు మా ప్రయాణం కోసం ప్రార్థన చేశారు. పైకి, అందరూ వినేలా. దేవుడికి కూడా నాకంటే ముందే చెప్పేశారన్నమాట. ఆమెన్ అన్నాను. అన్నాక, ఎందుకన్నానా అనిపించింది.

14 సెప్టెంబరు

గుడ్డలు వస్తూనే ఉన్నాయి. ఇందా పేట నుంచి కోడిగుడ్ల కోసం వచ్చే బెంగాలీ ఆవిడ హైమవతి దీదీ కూడా ఎర్ర అంచు ముక్క తెచ్చింది. దేశం చీలినప్పుడు తూర్పు బెంగాల్లోని బరిసాల్ నుంచి పారిపోయి వచ్చిన రోజు ఒంటి మీద ఉన్న చీరట. మాకు బొంత ఎవరు కుడతారు దీదీ, వీధి వీధంతా మాతోనే పరిగెత్తుతుంటే అని నవ్వింది. మీ దేశ్ ఏదని, అంటే సొంతూరు ఏదని అడిగింది. ఖరగ్‌పూర్ అన్నాను. అది జంక్షన్, అక్కడ బండి మారతారు గానీ అదెక్కడి దేశ్ అంది.

ఆ అంచు కుడుతుంటే సూది వేలికి దిగింది. రక్తం కనబడలేదు. అంచు ఎరుపే కదా.

18 సెప్టెంబరు

నడుమ ఖాళీగానే ఉంది.

22 సెప్టెంబరు, ఆదివారం

ఆయన ట్రంకులు దించారు. బొంత ఇంకా అవనేదేటి, నా పాత సొక్కా ఎట్టి కుట్టీ అన్నారు. సూసన్న మొగుడు రిచర్డ్ షాపులో అడిగాడట, కృపప్ప బొంత కుడతందా, రైలుకి తెర కుడతందా అని. అందరూ నవ్వారట. ఆయనా నవ్వుతూనే చెప్పారు.

విధేయత ఇమ్మని ప్రార్థన చేశాను. లేచాక కాళ్ళు ఒకచోట నిలవలేదు. గదిలోంచి పెరట్లోకి, పెరట్లోంచి గదిలోకి. సర్దిన పక్కే మళ్ళీ సర్దాను.

24 సెప్టెంబరు

ఖరిదా వెళ్ళాను. ఆయనతో చెప్పలేదు.

స్వర్ణకుమారి నాతో స్కూల్లో చదివింది. వాళ్ళింటి వెనక పెంకుటి భాగం ఖాళీగా ఉంది. రెండు గదులు, నుయ్యి, కోళ్ళకి చోటు. ఇంజన్ కూత వినపడుతుంది. అన్నయ్యగారికి తెలుసా అంది. తెలుస్తుంది అన్నాను. తాళంచెవి తీసుకున్నాను.

పెళ్ళయ్యాక ఆయనకి చెప్పకుండా నేను చేసిన మొదటి పని. చెప్పకుండా చెయ్యడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. రిక్షాలో వస్తూ ప్రభువుని క్షమించమన్నాను. గుప్పిట మాత్రం విప్పలేదు.

28 సెప్టెంబరు

నడిమి గుడ్డ వేశాను. ఆయన చెప్పినట్టే, పాత ఖాకీ చొక్కా. జేబుతో సహా. నాలుగంచులూ కుట్టాను. జేబు మూతి కుట్టలేదు.

29 సెప్టెంబరు, ఆదివారం

భోజనాలయ్యాక ముసురు పట్టింది. ఆయన బొంత కప్పుకుని పడుకున్నారు. గుండెల కాడ ఏదో గట్టిగా తగుల్తంది అన్నారు. తీసి చూడండి అన్నాను. తీశారు. ఎక్కడిది అన్నారు. ఖరిదా అన్నాను.

తాళంచెవి మళ్ళీ జేబులోనే పెట్టారు.

కళ్ళు మూసుకునే అడిగారు, అక్కడ నూతి నీళ్ళు ఎలగుంటాయి అని.