సరిపోయినంత మాత్రాన

అన్నయ్యా,

ఫోన్‌లో చెప్పొచ్చుగా, ఉత్తరం దేనికీ అంటావు. ఫోన్‌లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. "సరే సరే, అర్థమైంది" అని మధ్యలోనే తుంచేస్తావు. ఆ అర్థమైందేదో ఎప్పుడూ నీకు కావలసిందే అయి ఉంటుంది. కాగితం మధ్యలో దూరలేవు కాబట్టి కూర్చుని రాస్తున్నాను. ముందు అసలు సంగతి చెప్పేస్తాను, ఆ తర్వాత చదువుతావో చించేస్తావో నీ ఇష్టం. నేను పళ్ళు చేసే ల్యాబ్‌లో ఉద్యోగం మానను. మీ ఇంటికొచ్చి ఉండను.

దీపావళి నాడు భోజనాల దగ్గర ఏమన్నావో నీకు గుర్తుండి ఉండదు. అన్నవాళ్ళకి గుర్తుండదు, పడ్డవాళ్ళకే ఉంటుంది. అమ్మ తుంటి ఆపరేషన్ అయ్యి మీ ఇంటికి వచ్చిందని, ఇప్పుడు స్నానానికీ నడకకీ మనిషి తోడు కావాలని మీ ఆఫీసు పెద్దాయనతో చెప్తున్నావు. "మరి ఎవరు చూసుకుంటారండీ?" అన్నాడాయన. నువ్వు అన్నం కలుపుకుంటూ, నా వైపు తల కూడా తిప్పకుండా, "మా చెల్లెలు వచ్చేస్తుందండీ, వచ్చే నెల నుంచి ఇక్కడే. మా ఇంట్లో ఖాళీగా ఉండేది ఇదొక్కతే" అన్నావు. ఆయన నవ్వాడు. ఆయన పై వరసలో ముందు పళ్ళు రెండూ మా ల్యాబ్‌లో చేసినవే అన్నయ్యా. పక్క పళ్ళ రంగుకి కలిసేలా పింగాణీ పొర మీద పొర వేసి కాల్చింది నేనే, నోరు తెరవగానే గుర్తుపట్టాను. నేను చేసిన పళ్ళతోనే ఆయన నా ఖాళీతనానికి నవ్వుతుంటే, ఏం చెయ్యాలో తెలియక నేనూ తలూపాను. నువ్వు దాన్ని ఒప్పుకోవడం కింద రాసుకున్నావు.

వదిన ఒక్కతే నా మొహం చూసి "తర్వాత మాట్లాడుకుందాం లెండి" అంది. అమ్మ మాత్రం ఏమీ అనలేదు. కంచంలోకి చూస్తూ కూర్చుంది. నిజం చెప్తున్నాను, నీ మాట కన్నా అమ్మ ఊరుకోవడమే నన్ను ఎక్కువ కోసింది.

సాయంత్రం లక్ష్మీపూజకి ఉండకుండా వెళ్ళిపోయానని నీకు కోపంగా ఉంది. "పండుగ పూట ఆ పిచ్చి గళ్ళేమిటే, చిన్నపిల్లవా" అని గుమ్మం దాకా వచ్చి అరిచావు. ఎక్కడికి వెళ్ళానో, ఏం చేశానో చెప్తాను, విను. దీపావళి ప్రత్యేక సంచికలో రెండు పేజీల గళ్ళ నుడికట్టు వస్తుంది. మామూలుది కాదు, ఆధారం చదివితే అడ్డదిడ్డంగా ఉంటుంది, అందులోనే సమాధానం దాక్కుని ఉంటుంది. ఏటా మేం నలుగురం కలిసి దాన్ని పూరిస్తాం. పండుగకి బేకరీ మధ్యాహ్నమే మూసేస్తారు కాబట్టి వెనక గదిలో, పిండి చల్లిన పెద్ద బల్ల మీద. బేకరీ బాబాయి, లైబ్రరీలో పనిచేసే మాస్టారు, కోర్టులో స్టెనోగా చేసి రిటైరైన పిన్నిగారు, నేను. బాబాయి కిటికీ గట్టు మీద నాలుగు ప్రమిదలు వెలిగించి, గళ్ళకి నూనె అంటుతుందని బల్ల దగ్గరికి మాత్రం రానివ్వడు.

మాకొక కట్టుబాటు ఉంది. ఒకటే కలం, ఒకటే పత్రిక. మాట తట్టినంత మాత్రాన కలం చేతికి రాదు. ఆ మాట ఎలా వచ్చిందో దారి చెప్పాలి. ఉదాహరణకి, "లక్ష్మి వెనక్కి తిరిగితే గోధుమలు ఆడించుకోవచ్చు" అని ఒకటి వచ్చింది. "రమని తిరగేస్తే మర" అని నేను చెప్పాను, అందరూ హమ్మయ్య అన్నారు, కలం నా చేతికొచ్చింది. గళ్ళు సరిపోయాయి, అక్షరాలు సరిపోయాయి అంటే మావాళ్ళు ఒప్పుకోరు. "దారి చెప్పు" అంటారు ముగ్గురూ ఒకే గొంతుతో. ఇన్నేళ్ళలో ఈ కట్టుబాటు మేం దాటలేదు, ఈ దీపావళికి దాటాం.

"సారీ గుంపూ కలిస్తే ఇద్దరు దగ్గరవుతారు" అని నాలుగక్షరాల ఆధారం. మొదట ప, తర్వాత రి, చివర యం అప్పటికే పడి ఉన్నాయి. "ఇంకేముంది, పరిణయం!" అన్నాడు బాబాయి. ఇంట్లో పూజకి మనవరాలు ఎదురుచూస్తోందని ఆయనకి తొందర. "దారి?" అన్నారు మాస్టారు. "పెళ్ళికి దారేమిటయ్యా, సరిపోయిందిగా, కానీ!" అన్నాడు. నేను కూడా మధ్యాహ్నం భోజనాల నుంచీ పరధ్యానంలో ఉన్నాను, నేనే సిరాతో రాసేశాను. ఇక చూడు, ఆ మూల మొత్తం బిగుసుకుపోయింది. ణ మీదుగా నిలువుగా దిగేది మాట కావడం లేదు, అది తేలక దాని చుట్టుపక్కలవీ తేలలేదు. పక్కదాన్ని అనుమానించాం, పైదాన్ని అనుమానించాం, పత్రికవాళ్ళు తప్పు వేశారని తిట్టాం. రాసేసిన దాన్ని మాత్రం ఎవరం అనుమానించలేదు, ఎందుకంటే అది అంత చక్కగా సరిపోయింది మరి. చివరికి స్టెనో పిన్నిగారు కళ్ళజోడు తుడుచుకుని, "సారి అంటే పరి, గుంపు అంటే చయం. పరిచయమయ్యా బాబూ. పెళ్ళి దాకా ఎందుకు పరిగెత్తావు?" అన్నారు.

వాళ్ళు పగలబడి నవ్వుతున్నారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఏమైందని అడిగితే అంతా చెప్పేశాను. బయటివాళ్ళ దగ్గర ఇంటి గుట్టు విప్పానని నువ్వు మండిపడతావు, పడు. అంతా విని పిన్నిగారు ఒక్కటే అడిగారు: "మీ అన్నయ్య దారి చెప్పాడా?"

చెప్పలేదు కదా అన్నయ్యా. నీ లెక్కలో నేను చక్కగా సరిపోయాను. పెళ్ళి కాలేదు, సరిపోయింది. పిల్లలు లేరు, సరిపోయింది. అద్దె గది, ఎప్పుడైనా ఖాళీ చెయ్యొచ్చు, సరిపోయింది. కానీ అమ్మని చూసుకోవడానికి నేను నా పని ఎందుకు మానాలి, నువ్వెందుకు మానక్కర్లేదు? ఆ ఒక్కదానికి దారి చెప్పు. "ఆడదానివి కదా" అని మాత్రం అనకు. నాన్న మంచాన పడ్డప్పుడు కూడా ఎవరూ అడగలేదు, నేనే వచ్చాను. అప్పుడు మానేసిన ఉద్యోగం మళ్ళీ దొరకలేదు. కొత్త ల్యాబ్‌లో, నాకన్నా చిన్నవాళ్ళ కింద, మైనం కరిగించే దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టి ఇప్పుడు పళ్ళకి రంగు కలిపే బల్ల దాకా వచ్చాను. ఈసారి దిగను.

అమ్మని చూడనని కాదు. మనిషిని పెట్టుకుందాం, నా వంతు నేను ఇస్తాను. ఆదివారాలు నావి. సెలవులు సగం నీవి, సగం నావి. అమ్మకి నా గదిలో కొన్నాళ్ళు ఉండాలనిపిస్తే మంచం అమ్మది, నేల నాది. ఇవన్నీ చేస్తాను. కానీ నువ్వు అన్నం కలుపుకుంటూ నా బతుకు కలిపేస్తే మాత్రం ఊరుకోను. కోపం వస్తే రానీ. మాట్లాడకపోతే మానెయ్. నీ మీద ప్రేమ ఎక్కడికీ పోదు కానీ, భయం మాత్రం పోయింది.

నీ
చెల్లెలు

*

చిట్టితల్లీ,

వేళ్ళు వంకర తిరుగుతున్నాయి, అక్షరాలు ఎలా ఉన్నా సర్దుకుని చదువుకో. నీ ఉత్తరం వచ్చింది. మీ అన్నయ్య దాన్ని చదివి మడిచి జేబులో పెట్టుకుని, ఏమీ లేదు, క్షేమంగా ఉందట అన్నాడు. క్షేమంగా ఉన్నావని చెప్పడానికి అన్ని కాగితాలా అనిపించింది. "గట్టిగా చదవరా, నేనూ వింటాను" అన్నాను. కళ్ళజోడు కనపడలేదన్నాడు. వదిన తెచ్చి చేతిలో పెట్టింది. వాడి చేతే మొదటి నుంచి చివరిదాకా చదివించాను. ఆ పెద్దాయన నవ్వు దగ్గర ఆగిపోయాడు, "ఊఁ, కానియ్" అన్నాను. నాన్న కోసం నువ్వు ఉద్యోగం మానేసిన చోట కాగితం దించేశాడు, మంచినీళ్ళు తాగి చదవమన్నాను.

నేనెందుకు ఊరుకున్నానని బాధపడ్డావు. చెప్తాను. నువ్వే వస్తానని అడిగావని చెప్పాడు నాకు. ఆ ల్యాబ్‌లో కళ్ళు పోతున్నాయట, మానేస్తానని ఏడ్చావట, నా దగ్గర ఉంటే నీకూ నీడ దొరుకుతుందట. అందుకని నువ్వు రావద్దు తల్లీ అనలేకపోయాను. పని చేతకాక నా బిడ్డ వెనక్కి వస్తోందా అని మింగలేక కంచంలోకి చూస్తూ కూర్చున్నాను. అదీ నా మౌనం.

నీ ఉత్తరం అయిపోయాక వాడిని ఒక్కటే అడిగాను. "నన్ను అడిగావురా?" అని. నా తుంటి, నా స్నానం, నా కూతురు. అన్నీ నావే, అడగనిది నన్నే. అప్పుడు నాకు వచ్చినంత కోపం మీ నాన్న ఉన్న రోజుల్లో కూడా రాలేదు.

ఇక విను. పగటికి ఒక ఆయమ్మని వదిన కుదిర్చింది. పొద్దున్నే నన్ను లేపి, నడిపించి, చెప్పులు తొడగడం వాడి పని అని చెప్పాను. మొదటి రోజు చెప్పులు తొడగడానికి వంగి తలెత్తలేదు. "నీ కాళ్ళకి ఎన్నిసార్లు తొడిగానో నా చేతులకి గుర్తుందిరా, సిగ్గుపడకు" అన్నాను. కళ్ళు తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు తల్లీ, ఎవరూ పని చెప్పలేదు, అంతే. ఆ చెప్పకపోవడంలో నా తప్పూ ఉంది, ఇక ఆ బరువు నీ దాకా రానివ్వను.

నువ్వు ఉద్యోగం మానావంటే నేను మందులు మానేస్తాను. ఆదివారం సేవ చెయ్యడానికి కూడా రావద్దు. చుట్టంలా రా. మంచి చీర కట్టుకుని, ఆలస్యంగా రా. పీట మీద కాదు, కుర్చీలో కూర్చుని, కావలసినంత తిని, కంచం అక్కడే వదిలేసి చెయ్యి కడుక్కుని వెళ్ళు. మీ అన్నయ్య తీస్తాడు. నేను పక్కన కూర్చుని చూస్తాను.

అమ్మ