ఏడవనివాళ్ళ నొప్పి

అక్కా, నేను క్షేమం, నా కోపం ఇంకా క్షేమం.

ఆసుపత్రికి ఫోన్ చేసేవాళ్ళ గొంతు విని, ఎవరిని ముందు చూడాలో చెప్పే ఏఐని తనిఖీ చేయడం నా పని కదా. అపెండిక్స్ పగిలిన రోజు నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ దానికి వినిపించాను. "ఏం లేదే, కాస్త పట్టేసింది, నీ పని చూసుకో" అన్నావే, అదే. "రేపు రావచ్చు" అని తేల్చేసింది.

"మీ అక్కగారు కాస్త గట్టిగా ఏడవాల్సింది" అని మా మేనేజర్ నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏడవడం రానివాళ్ళు చావాలా?" అని అడిగి, అది పనికొస్తుందన్న కాగితం మీద సంతకం పెట్టకుండా వచ్చేశాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో చూడాలి.

కుట్లు మానాయా? నీళ్ళ బకెట్లు బావ చేత మోయించు. పిల్లలకు ముద్దులు. ఈసారి నొప్పొస్తే మాత్రం వీధంతా వినేలా కేకలు పెట్టు. నా సంతకం లేకుండానే ఆ ఏఐని మీ ఊరి ఆసుపత్రిలో పెట్టేశారు.

నీ చెల్లి