మగ్గం మీద తమ్ముడి పేరు

1962 ఫిబ్రవరి 4, ఆదివారం

నిన్నటి పొద్దు మామూలు పొద్దే. అయినా రాసిపెట్టుకోవాలనిపిస్తోంది.

కోడి కూతకు ముందే లేచాను. స్నానం, కులదేవుడు బీరప్పకు దీపం. నానబెట్టిన చింతగింజలు రుబ్బి గంజి కాచాను. వాకిట్లో పడుగు సాగదీసి కట్టి, కుంచెతో గంజి పట్టించాను. నల్ల ఉన్ని తడిసి మెరిసింది. చేతులు పొద్దంతా పులుపు వాసన.

సాయవ్వ వడికిన నూలుండలు గంపలో తెచ్చింది. మా వాడలో ఆమె దారమే సన్నం.

"సద్ది తిన్నవా పెద్దక్కా?"

"దేవుడు తిన్నడు. నాదే బాకి."

"దేవునికేం పని? కూసోని తింటడు." ఇద్దరం నవ్వాం.

ఆమె పోయాక తలుపు గడియ పెట్టి మగ్గం దగ్గర కూర్చున్నాను. ఇరవై ఏళ్లుగా ఇంతే. బాపుకు కళ్లు పోయిన ఏడు నా చేయి పట్టుకుని నేత నేర్పాడు. తమ్ముడు మల్లయ్యకు కుదురు లేదు, నాకు మొగడు లేడు, మగ్గం ఖాళీగా ఉంది. "ఆడది మగ్గమెక్కిందని తెలిస్తే మన గొంగడి దేవుని కింద పరవనియ్యరు బిడ్డా. ఎవలడిగినా తమ్ముడు నేసిండను."

అన్నాను. అడిగిన ప్రతివారితో.

ఏటా బీరప్ప కొలువులో నేను నేసిన గొంగడి మీదే రంగుల ముగ్గుతో పట్నం వేస్తున్నారు. ఆయన ఒక్కసారీ కోపగించలేదు.

ఫిబ్రవరి 7, బుధవారం

పాలమూరు నుంచి కబురు. ఉన్ని సంఘం మంజూరయ్యేట్టుంది. సోమవారం సంఘాల ఆఫీసు సారు తనిఖీకి వస్తారు.

రెండేళ్లు తిరిగాను. గొంగళ్లు నేసే ప్రతి గడపకూ. గొర్రెల మందలు మేతకు అమ్రాబాద్ అడవికి పోయినప్పుడు మగవాళ్లు దొరక్క, ఆడవాళ్లతోనే మాట్లాడాను. దరఖాస్తు నా చేతిరాతే. అధ్యక్షుడు అన్న చోట నా పేరు రాశాను.

మల్లయ్య చూశాడు. "నీ పేరు గంత పెద్దగ రాసుకున్నవేందే అక్కా? సిరా ఒడిసిపోతది" — నవ్వాడు. నవ్వు కళ్ల దాకా రాలేదు.

ఫిబ్రవరి 9

మల్లయ్య భార్య లచ్చవ్వ మాట్లాడటం లేదు. గిన్నెలు మాట్లాడుతున్నాయి.

ఫిబ్రవరి 12, సోమవారం

జీపు వచ్చింది. సారు కోస్తా మనిషి, చిన్నవాడు, మర్యాదస్తుడు. మా వాకిట్లో మంచం మీద కూర్చుని దరఖాస్తు చదివాడు.

"రాసిందెవరండీ? చాలా బాగుంది."

మల్లయ్య: "మా అక్క సార్."

"అధ్యక్షురాలు కూడా మీరేనా అమ్మా? నేసేవాళ్లే సభ్యులవ్వాలండి. వడికేవాళ్లు కాదు. మీరు నేస్తారా?"

నేను నోరు తెరవకముందే చిన్నబాపు — బాపు తమ్ముడు, కులానికి పెద్ద — అందుకున్నాడు. "మా ఆడోళ్లు మగ్గం ముట్టరు సార్. మా కులం కట్టుబాటు గది."

"నేనే నేస్త" అన్నాను.

ఎవరో కిసుక్కున నవ్వారు. చిన్నబాపు సారు వైపు వంగి, మెల్లగా: "యాభై దాటినయి సార్. మొగడు పోయినకాడికెల్లి దేవుని ధ్యాసే. అప్పుడప్పుడు గిట్లంటది."

సారు చుట్టూ చూశాడు. "ఈమె నేయడం ఎవరైనా చూశారా?"

గడియ పెట్టింది నేనే. ఎవరు చూస్తారు? సాయవ్వ ఒక్కతే ముందుకొచ్చింది. "సూడలే సార్. మల్లయ్య సంతకు పోయిననాడు గూడ మగ్గం సప్పుడు ఇన్న."

"చప్పుడు విన్నది లెక్కలోకి రాదమ్మా. పోనీ ఇప్పుడు కూర్చుని నేసి చూపించండి."

లేచాను. మగ్గం దాకా నడిచాను. మల్లయ్య ఎదురుగా వచ్చాడు. నాకొక్కదానికే వినిపించేలా అన్నాడు. "నీ కాల్మొక్త అక్కా... కూసోకు. ఇన్నేండ్లు దేవుని కింద ఎవల గొంగడి పరిచిన్రని అడుగుతరు. కులం మనల బతకనియ్యది."

కూర్చోలేదు.

ఎందుకు? భయపడ్డది వాడు, ఆగింది నేను. చిన్నప్పుడు వాణ్ని చంకలో మోసిన అలవాటు కాబోలు. సారు నా పేరు కొట్టేసి పైన మల్లయ్య పేరు రాశాడు. వచ్చే సోమవారం వచ్చి అతని నేత చూసి ఖాయం చేస్తాడట.

మల్లయ్యకు గొంగడి అంచు పోగు విడిపోకుండా తిప్పి నేయడం రాదు. సారుకు తెలియదు. ఇంట్లో అందరికీ తెలుసు.

ఫిబ్రవరి 13

దీపం పెట్టాను. ఏమీ అడగలేదు.

సాయవ్వ తిట్టిపోయింది. "నీ పేరుంటె మా పేర్లు గూడ వొస్తయనుకున్నం. నువ్వు నిలవడకపోతివి, మేమేడికెల్లి నిలవడాలె?" వడకడానికి ఉన్ని పెట్టబోతే గంప లాక్కుని ఖాళీగానే తీసుకుపోయింది.

ఫిబ్రవరి 14, బుధవారం

సాయంత్రం చిన్నబాపు పిలిపించాడు. ఇంటివాళ్లందరూ కూర్చున్నారు. నాకు గడప పక్కన పీట వేశారు.

తేలిందిది. మల్లయ్య అధ్యక్షుడు. కాయితాలు నేను రాయాలి, సంతకం వాడిది. సోమవారం లోపల వాడికి అంచు తిప్పడం నేను నేర్పాలి — తలుపు మూసి. నేర్పానని బయట అనకూడదు. సారు వచ్చేనాడు నేను ఊళ్లో ఉండకూడదు, చిన్న చెల్లెలింటికి పోవాలి.

"నీ మంచికే బిడ్డా" అన్నాడు చిన్నబాపు. "సంఘమొస్తే పేరు ఎవలదైతేంది?"

"ఎవలదైతేంది అంటె, అక్కదే ఉండనియ్యరాదుండ్రి మరి." ఆ మాటన్నది లచ్చవ్వ. వారం తర్వాత నోరు తెరిచింది. మల్లయ్య ఆమె మీద కళ్లెర్రజేశాడు. ఆమె లేచి వంటింట్లోకి పోయింది.

సరేనా అని ఒక్కొక్కరినీ అడిగాడు చిన్నబాపు. సరే అన్నారు. నా వంతు వచ్చేసరికి అడగకుండా లేచాడు.

నేను సరే అనలేదు. రేపు పొద్దున మల్లయ్య నేర్చుకోవడానికి వస్తాడు.