కంట్రోలు సీసా

7 మార్చి 1979, తిరుపతి

ప్రెగ్నెన్సీ టెస్టు పెట్టినప్పుడల్లా పక్కన ఒక మగవాడి మూత్రం కూడా పెట్టి చూడాలి. టెస్టు సరిగా పనిచేస్తోందో లేదో తెలియడానికి. దాన్ని కంట్రోలు అంటాం. స్లైడు మీద చుక్క పాలు విరిగినట్టు విరిగితే కడుపు లేదు. విరగకపోతే ఉంది. మా ల్యాబులో ఆరేళ్లుగా ఆ మగవాణ్ణి నేనే.

ఈ రోజు మా ఆవిడ ప్రసూన సీసా తీసుకెళ్లాను. పెళ్లయిన నాలుగేళ్లకు మొదటిసారి నెల తప్పింది. ఆమె చుక్క విరిగింది. నాది విరగలేదు. కంగారులో సీసాలు మార్చేసి ఉంటాను. ఇంకేముంటుంది?

కడుపేనని ఇంట్లో చెప్పేశాను. మా అత్త వరదమ్మ కాణిపాకం మొక్కు ఉండాదని, బస్సు ఎన్ని గంటలకని అప్పుడే అడిగింది.

15 మార్చి

ప్రసూన బయట చేరింది. ఒకటే ఏడుపు. ఆరేండ్లుగా ఊర్లో ఆడోళ్లందరికీ ఇట్లనే సెప్తా ఉండావా అల్లుడా, అని అడిగింది అత్త.

16 మార్చి

నా సీసా ఒక్కటే పెట్టి చూశాను. విరగలేదు. కిట్ పాడయినట్టుంది.

17 మార్చి

కొత్త కిట్. విరగలేదు. ఆయా చంద్రకాంతమ్మ చూసి, నీకిది ఎన్నో నెలప్పా అంది. నవ్వాను.

మా ల్యాబు రాజారత్నం డాక్టరుగారు నవ్వలేదు. వెళ్లి తన మూత్రం తెచ్చిచ్చారు. అది విరిగింది. తలుపేసి రమ్మన్నారు. బీజాల్లో యాడన్నా గట్టిగా తగులుతా ఉండాదా అని అడిగారు.

ఉంది. ఎడమవైపు, వక్కంత. నాలుగు నెలలైంది. నొప్పి లేదు, సిగ్గు మాత్రం ఉంది. ఎవరికీ చెప్పలేదు.

కడుపుతో ఉన్నప్పుడు ఊరే హార్మోనే మగవాళ్లకొచ్చే ఒక రకం క్యాన్సర్‌లోనూ ఊరుతుందట. ఆరేళ్లు ఈ టెస్టు చేసిన నాకు ఆ ముక్క తెలియదు.

18 మార్చి

చావంటే భయంగా ఉంది.

2 ఏప్రిల్, వేలూరు

ఎడమ బీజం తీసేశారు. నెల తర్వాత మళ్లీ ఇదే టెస్టు. విరిగితే గండం గడిచినట్టేనట. విరగకపోతే లోపల ఇంకెక్కడో పాకినట్టు.

ప్రసూనకు హెర్నియా అని చెప్పాను. నమ్మింది. నా టెస్టులు తప్ప నా మాటలన్నీ నమ్ముతుంది.

4 మే, వేలూరు

ఇక్కడ సీసాల మీద పేర్లుండవు, నంబర్లే. టెక్నీషియన్ మన చిత్తూరు వాడు. కిటికీలోంచి నా నంబరు పిలిచి, మీ ఇంటామెదా అన్నా అని అడిగాడు.

అవునన్నాను.

అయితే స్వీట్లు యాడన్నా అన్నాడు.

వెళ్లి పావుకిలో మైసూర్‌పాకు తెచ్చిచ్చాను.