నీకూ నాకూ రెండేసి గీతలు

అమ్మాయ్ లిగాయా,

కడుపుతో ఉన్నదానివి, నిలబడి చదవకు, కూర్చో. నీ మొగుడి తాతను, ఆ బోసినోటి ముసలోణ్ణే రాస్తున్నాను.

వేలు గుచ్చి చేసిన సిఫిలిస్ పరీక్షలో నీకు జబ్బున్నట్టు రెండు గీతలు వచ్చాయని మీ అత్త నీ బట్టలు వానలోకి విసిరింది. మొదటి మొగుడు అంటించిన జబ్బు, సూదులేయించుకుని ఎప్పుడో నయం చేసుకున్నానని నువ్వు చెప్తూనే ఉన్నావు. నేను పళ్లెం ముందు నుంచి లేవలేదు.

తర్వాత సరదాకి నేనూ వేలిచ్చాను. నాకూ రెండు గీతలే. ఓడల్లో తిరిగిన రోజుల్లో తెచ్చుకున్నదిలే, సూదులూ అప్పుడే పడ్డాయి. "మా మామయ్య మగాడు" అని మీ అత్త పడీపడీ నవ్వి, పులుసులో చేప తలకాయ నాకే వేసింది.

నర్సమ్మ మాత్రం తిట్టింది. "తాతా, జబ్బు పోయినా ఆ గీత చచ్చేదాకా పోదు. ఇప్పుడు ఉందో లేదో ఇలోయిలో పట్నానికి పంపిన నెత్తురు చెబుతుంది, వారం ఆగమన్నాను. మీవాళ్లు ఒక్క పూట ఆగారా?"

ఆ కాయితాలు ఇవాళ వచ్చాయి. జబ్బు నీకూ లేదు, నాకూ లేదు. ఇప్పుడు నిన్ను తీసుకురమ్మంటున్నారు, పుట్టేది మగపిల్లాడట.

అప్పుడే రాకు. నీ మొగుడు రోమెల్‌ని కూడా వేలిమ్మంది నర్సు. వాడు ఓడ దిగి మూడు నెలలైంది, ఇంతవరకు ఆసుపత్రి గుమ్మం తొక్కలేదు. చెయ్యి పట్టుకు లాగితే నన్ను గోడకేసి తోశాడు. సూదంటే భయమట. వెధవకి భుజాల నుంచి మణికట్టు దాకా పచ్చబొట్లే.

తాత