పేరు లేని మోకాలు

పూజ్యులైన అమ్మగారి సముఖమునకు, తమరి ఏకైక సుపుత్రుడు (అభ్యంతరాలుంటే తర్వాత) నమస్కరించి వ్రాయునది. ఇచ్చట అందరమూ క్షేమం. అందరమూ అంటే నేను, నా రూమ్మేటు, కిటికీలో పావురం. ముగ్గురిలో ఇద్దరి సంగతి ఖాయంగా చెప్పగలను.

నీ ప్రశ్నలకు జవాబులు. తింటున్నాను. దుప్పటి ఉతికాను. వీడియోలో కుంటుతూ కనిపించానన్నావు. మెట్ల మీద జారానని చెప్పాను కదా, ఆ సంగతికి తర్వాత వస్తాను.

మా ఎక్స్‌రే కోర్సులో ఇప్పుడు ఎముక గడ్డలు నడుస్తున్నాయి. మాస్టారి లెక్కలో అవి రెండు రకాలు: పెద్దమనుషులు, రౌడీలు. పెద్దమనిషి గడ్డ చుట్టూ పెన్సిల్‌తో గీసినట్టు అంచు కట్టుకుని బుద్ధిగా కూర్చుంటుంది. రౌడీకి హద్దుండదు; ఎముకను చెదలా తిని పక్కకు పాకుతుంది. చూసి తేల్చలేకపోతే ముక్క తీసి పరీక్షకు పంపాలి.

సోమవారం ఆయన ప్రాక్టీసు ఫిల్ముల పెట్టె అడుగు నుంచి ఒకటి లాగి లైటుకు తగిలించారు. మోకాలి కింద ఎముక. పేరు లేదు. మచ్చకు ఒక పక్క అంచు గీసినట్టుంది, రెండో పక్క చెరిగిపోయినట్టుంది.

"చేతులెత్తండి. పెద్దమనిషా, రౌడీనా?"

పెద్దమనిషికి పద్దెనిమిది, రౌడీకి పదకొండు. నేను పెద్దమనిషికి రెండు చేతులూ ఎత్తాను.

"ఒరేయ్, ఒకటి దించు. సరే, ఈ మనిషిని ముందు ఏమడుగుతారు?"

"నొప్పి ఎప్పుడొస్తుందని సార్," అంది ముందు బెంచీ అమ్మాయి. "కదలకుండా పడుకున్నా వస్తుంటే అనుమానించాలి."

"శభాష్. ఈయనకు వస్తోందో లేదో మరి ఎవరు చెబుతారు?"

"వస్తోంది సార్. నిద్ర లేపేస్తుంది," అన్నాను.

"నీకెలా తెలుసురా?"

నా నోరు నాకంటే ముందు పుట్టిందని తిడతావు కదా. క్లాసు మొత్తం వెనక్కి తిరిగింది.

అమ్మా, నేను మెట్ల మీద జారలేదు. రెండు నెలలుగా నొప్పి. మన ఒంటికి మనం ఫిల్ము తీసుకోకూడదని మొదటి రోజే చెప్పారు. అయినా రూమ్మేటు చేత బటన్ నొక్కించాను. మచ్చ చూశాక డాక్టరు దగ్గరికి పోకుండా, పేరు రాయకుండా పెట్టె అడుగున దాచాను. పేరు రాయకపోతే నాది కాకుండా పోతుందనుకున్నాను కాబోలు. ఫోన్లో చెప్పబోయి, నీ గొంతు వినగానే మెట్ల కథ చెప్పేశాను.

మాస్టారు తిట్టలేదు. అందుకే భయమేసింది. చేయి పట్టుకుని ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. స్కానులో తేలలేదు. వచ్చే గురువారం ముక్క తీస్తారు. ఫలితానికి ఇంకో పది రోజులు. కూర్చోలేను, నిలబడలేను, పావురం కూడా నన్ను చూసి విసుక్కుంటోంది.

ఇది నాలుగో ఉత్తరం. మొదటి మూడింట్లో జోకులే ఉన్నాయి, చింపేశాను.

ఆస్పత్రి ఫారంలో ఈసారి నా పేరు పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను. 'తోడు ఎవరు' అన్నచోట నిన్నడక్కుండా నీ పేరు రాశాను. బుధవారం సాయంత్రానికల్లా వచ్చెయ్యి.

ఇట్లు,
కుంటుకుంటూ అయినా స్టేషనుకు ఎదురొచ్చే
నీ కొడుకు